ఆతె పూరింగ్ బొటనవేలు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. పూరింగ్ నోరు మంచిదే, ఊరే ఆమెకు మంచిది కాలేదు. మనీలా పక్కనున్న మా మలబోన్‌లో, చేపలు ఊరబెట్టే జాడీల మధ్య పుట్టిన ఈ పిల్ల, మాటలు వచ్చిన నాటి నుంచీ కనిపించిన ప్రాణినల్లా పలకరించేది. కోళ్లను పలకరించేది, పడవలవాళ్లను పలకరించేది, చర్చి మెట్ల మీద కొవ్వొత్తులమ్మే ముసలామెతో గంటలు గంటలు ముచ్చట్లాడేది. అంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు. చంటిపిల్లల్ని పలకరిస్తేనే పేచీ.

ఆమె "అబ్బ, ఎంత ముద్దొస్తున్నాడో!" అన్న పిల్లాడికి సాయంత్రానికల్లా ఒళ్లు కాలిపోయేది, కడుపు ఉబ్బేది. దాన్ని మావాళ్లు ఊసోగ్ అంటారు. దిష్టిలాంటిదే గానీ దిష్టి కాదు. దిష్టి పెట్టేవాళ్లకు కుళ్లు ఉంటుంది. ఊసోగ్‌కి కుళ్లక్కర్లేదు, ప్రేమ పొంగి పలకరించినా చాలు. విరుగుడు కూడా పలకరించినవాళ్ల దగ్గరే ఉంటుంది. వాళ్లే వచ్చి, బొటనవేలు నోట్లో తడి చేసుకుని, పిల్ల బొడ్డు చుట్టూ రాయాలి. ఇంకొకరి ఉమ్మి పనికిరాదు.

"దీని కళ్లు వేడివని మంత్రసాని ఆనాడే చెప్పింది. నోరు మూసుకుని నడవ్వే! మూసుకోలేకపోతే 'పువేరా ఊసోగ్' అనుకుంటూ నడు. ఆ మాటంటే తగలదు" అని అవ్వ రోజూ పోరేది.

పూరింగ్ వీధిలోకి వస్తే తల్లులు ఉయ్యాలల మీద దుప్పట్లు కప్పేవాళ్లు. ఎవరి బిడ్డకైనా జ్వరమొస్తే మళ్లీ వాళ్లే పరుగెత్తుకొచ్చి "పూరింగ్ ఉందా? కాస్త ఉమ్మి కావాలి" అనేవాళ్లు. ఊళ్లో ఆమె మాటకన్నా ఉమ్మికే గిరాకీ. పూరింగ్ పైకి నవ్వేది, లోపల ఉడికిపోయేది. పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషికి పిల్లల్నే దూరం చేస్తే ఆ ప్రాణం ఎక్కడ పెట్టుకోవాలి?

ఊరంతటిలో ఒక్క నీలాంగ్ మాత్రమే తన బిడ్డను పూరింగ్ ఒళ్లో పెట్టింది. నీలాంగ్ ఆమె అక్క. పడవలు నడిపే మనిషిని పెళ్లి చేసుకుని, తొలి చూలు కొడుకును కన్నది. వాడి పేరు ఓనింగ్. "మా చెల్లి కళ్లు వేడైతే మరీ మంచిది, నా కొడుక్కి చలి తగలదు" అని ఇరుగుపొరుగు నోళ్లు మూయించింది. పూరింగ్ వాడిని చంకన వేసుకుని తిరిగేది. పలకరించిన ప్రతిసారీ బొటనవేలు తడిపి వాడి బొడ్డు మీద రాసేది. అది వాళ్లిద్దరి ఆట. వాడు కితకితలకు కాళ్లు కొట్టుకునేవాడు.

ఆ రోజుల్లోనే మనీలాలో ఒక రేడియో స్టేషనువాళ్లకు పిల్లాడి గొంతు కావలసి వచ్చింది. నిజం పిల్లల్ని పెడితే మైకు చూసి ఏడుస్తున్నారట. పిల్లాడిలా, కోడిపెట్టలా, ముసలి దయ్యంలా మాట్లాడగల పూరింగ్‌ను రమ్మన్నారు. ఆ ఉదయం ఆమె కాళ్లు నేల మీద లేవు. జీప్నీ బండి దొరకదేమోనని కంగారు, జుట్టు సరిగా లేదని కంగారు. గడప దాటబోతూ ఉయ్యాల మీదికి వంగి, "ఒరేయ్ బొద్దోడా! నీ తొడలు కొరుక్కు తినెయ్యాలిరా!" అని పరుగెత్తింది. పువేరా ఊసోగ్ అనలేదు. బొటనవేలు తడపలేదు.

మధ్యాహ్నానికి ఓనింగ్ కడుపు డప్పులా అయింది. ఒళ్లు పేలిపోతోంది. ఆ ఎండాకాలం మా వీధిలో ఇంకా చాలామంది పిల్లలకు వాంతులూ విరేచనాలూ ఉన్నాయి. కానీ అప్పుడది ఎవరికి తోస్తుంది? బావ పూరింగ్ కోసం బయల్దేరాడు. సముద్రం పోటు మీదుంది, మా ఊరి రోడ్డు మోకాలి లోతు నీళ్లలో మునిగింది. జీప్నీలు లేవు. పడుతూ లేస్తూ స్టేషను చేరేసరికి తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది.

"నాటకం నడుస్తోందయ్యా, ఇప్పుడు తలుపు తీస్తే నా ఉద్యోగం ఊడుతుంది" అన్నాడు కాపలావాడు.

లోపల పూరింగ్, తప్పిపోయిన పిల్లాడి గొంతుతో అమ్మను పిలుస్తూ ఏడుస్తోంది. ఎంత బాగా ఏడ్చిందంటే, అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చారు. ఆ కబురు చెబుదామని నవ్వుతూ బయటికొచ్చి బావ ముఖం చూసింది.

వాళ్లు ఇల్లు చేరేసరికి కొవ్వొత్తులు వెలిగించేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, పూరింగ్ అయినా వంగి, బొటనవేలు తడిపి, ఆ చిన్న పొట్ట మీద పెట్టింది. పొట్ట చల్లగా ఉంది. నీలాంగ్ ఆ చేతిని మెల్లగా తీసి పక్కన పెట్టింది.

"ఇప్పుడెందుకే" అంది.

అంతే. తిట్టలేదు, కొట్టలేదు. తిడితే బాగుండేది. ఆ ఒక్క మాట పట్టుకుని పూరింగ్ మనీలా వెళ్లిపోయి, సంపాలోక్‌లో ఒక గది అద్దెకు తీసుకుంది. ఏళ్లు గడిచాయి. నీలాంగ్‌కి తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు, సేలో, తాలింగ్. ఆదివారాలు పూరింగ్ మలబోన్ వెళ్లేది. ఎప్పుడు వెళ్లినా పిల్లలు ఇంట్లో ఉండేవాళ్లు కాదు. "పక్కింట్లో ఆడుకుంటున్నారు" అనేది నీలాంగ్, అటు తిరిగి గిన్నెలు సర్దుతూ. పూరింగ్ ఉన్నంతసేపూ గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగేది. కూర్చోమంటే కూర్చోదు, తినమంటే తినదు. కొన్నాళ్లకు వెళ్లడమే మానేసింది. ఒకటి రెండుసార్లు జీప్నీ ఎక్కి మలబోన్ దాకా వెళ్లి, దిగకుండా అదే జీప్నీలో తిరిగొచ్చింది.

అప్పుడు టెలివిజన్ వచ్చింది.

రేడియోవాళ్లే ఆ స్టేషనూ పెట్టారు. పిల్లల కార్యక్రమానికి ఎస్కలేర్ అనే ఆయన డైరెక్టరు. అమెరికాలో ఆర్నెల్లుండి వచ్చాడు, ఆ ఆర్నెల్ల గురించి ఆరేళ్లుగా చెబుతున్నాడు. పిల్లలతో మాట్లాడే మనిషి కావాలని పూరింగ్‌ను పిలిపించాడు. ఆమె కెమెరా దగ్గరకు వెళ్లి, దాని కంట్లోకి తొంగి చూసింది.

"ఇదేంటి?"

"గాజు" అన్నాడు కెమెరా నడిపే టోరియో. "ముట్టుకోకమ్మా, మరకలు పడతాయి."

"దీంట్లోంచి పిల్లలు నాకు కనిపిస్తారా?"

"నీకెలా కనిపిస్తారు? వాళ్లకే నువ్వు కనిపిస్తావు."

పూరింగ్ అక్కడికక్కడే ఒప్పుకుంది. జీతమెంతని కూడా అడగలేదు. చూడని కంటికి వేడెక్కడిది? మధ్యలో ఒకటి కాదు, రెండు గాజులు. ఇక్కడొకటి, వాళ్ల ఇళ్లలో ఒకటి. లోకంలో ఏ పిల్లనైనా నోరారా పలకరించుకోవచ్చు, ఎవరూ దుప్పటి కప్పరు.

అలా పూరింగ్ కాస్తా ఆతె పూరింగ్ అయింది, మనీలా పిల్లలందరికీ అక్క. సాయంత్రం ఐదింటికి కార్యక్రమం. రికార్డు చేసుకునే వీలు లేదు, నోరు జారితే జారినట్టే ఊరంతటికీ చేరుతుంది. వాళ్లమ్మ పాన్సిత్ నూడుల్స్ అమ్మే రోజుల నాటి గుండ్రటి వెదురు చేట ఒకటి, అడుగు ఊడిపోయినది, తెచ్చుకుంది. ఆ ఖాళీ చట్రంలోంచి ముఖం పెట్టి, కెమెరాలోకి చూస్తూ, "ఆ, కనిపిస్తున్నావురా దొంగా! కియాపోలో మంచం కింద దూరింది ఎవరు? పసాయ్‌లో పుట్టినరోజు పిల్ల ఎవరు? నీ కొత్త జడ చూపించు!" అనేది. పుట్టినరోజు పేర్లు తల్లులే కార్డు ముక్కల మీద రాసి పంపేవాళ్లు. తమ పేరు వినబడగానే పిల్లలు నిజంగానే మంచాల కింద నుంచి బయటికొచ్చేవాళ్లు.

స్టేషనులో మాత్రం ఆమె కాలుగాలిన పిల్లి. కార్యక్రమానికి ముందు ముద్ద దిగదు. దీపాల వేడికి పౌడరు కారిపోతుంటే ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతుంది.

"అమ్మా పూరింగ్, ఒక్క చోట నిలబడితే జనం నిన్ను చూస్తారు. ఇలా తిరిగితే నా మెడ నొప్పి చూస్తారు" అని టోరియో మొత్తుకునేవాడు.

"నిలబడితే నిద్రొస్తుందయ్యా నీ మొహం చూసి!"

ఆమె నిలబడలేకపోవడానికి కారణం టోరియోకి తెలియదు. మా మలబోన్‌లో టెలివిజన్ ఒక్క ఊరి పెద్దరికం చేసే కపితానా ఇంట్లోనే ఉంది. వీధి పిల్లలంతా ఆమె కిటికీ ఊచలు పట్టుకుని వేలాడేవాళ్లు. వాళ్లలో సేలో, తాలింగ్ ఉంటారని పూరింగ్‌కి తెలుసు. మలబోన్ పిల్లల పేర్లన్నీ చదివేది, ఆ రెండు తప్ప. అవి రోజూ నాలుక చివరి దాకా వచ్చేవి. రెండు గాజులున్నాయిగా అనుకునేది. అయినా మింగేసేది. ఎన్ని వేల పేర్లు పిలిచినా ఆ రెండు పిలవని నోరు ఆమెకు మాత్రం మూసుకున్నట్టే ఉండేది.

ఒక రోజు టోండో నుంచి సేపా అనే ఆమె, చంకలో కొడుకుతో స్టేషను లోపలికి దూసుకొచ్చింది. వచ్చీ రావడంతోనే అందుకుంది.

"ఏమ్మా ఆతె పూరింగూ! నిన్న మా దాదోని ఏమన్నావు? 'టోండోలో బూరెబుగ్గలోడా' అన్నావా లేదా? పువేరా ఊసోగ్ అన్నావా? అనలేదు! చూడు, రాత్రి నుంచీ వాడి కడుపు ఎలా ఉందో చూడు!"

ఎస్కలేర్ తల పట్టుకున్నాడు. "ఏమండీ, టెలివిజన్లోంచి జ్వరం ఎలా వస్తుందండీ? అమెరికాలో..."

"అమెరికా సంగతి నాకెందుకయ్యా? నవ్వు వచ్చింది కదా దాంట్లోంచి? పాట వచ్చింది కదా? అది మాత్రం రాదా?"

పూరింగ్ బొటనవేలు తడిపి, పిల్లాడి బొడ్డు చుట్టూ రాసింది. కాసేపటికి వాడు పెద్దగా త్రేన్చి, తల్లి భుజం మీద నిద్రపోయాడు. సేపా శాంతించి, పోతూ పోతూ "రేపు మా పెద్దదాని పుట్టినరోజు, చెప్పడం మర్చిపోకు. ఈసారి జాగ్రత్తగా చెప్పు" అంది.

మర్నాటికి గేటు దగ్గర తల్లుల గుంపు. ఆకలికి ఏడ్చిన బిడ్డ, పళ్లొచ్చి ఏడ్చిన బిడ్డ, అందరికీ ఆతె పూరింగే తగిలింది. కార్యక్రమానికి డబ్బిచ్చే పాలడబ్బాల కంపెనీ మనిషి పరుగున వచ్చాడు. "రేపు మా పాల వల్లే జ్వరాలంటారు" అని బెదిరిపోయాడు. ఎస్కలేర్ హుకుం జారీ చేశాడు. ఇక పేర్లు పిలవకూడదు, ఉమ్ములు రాయకూడదు, పాలలోని బలం గురించి రాసిచ్చింది చదవాలి.

పూరింగ్ పోట్లాడుతుందనుకున్నారు. ఆమె చేటను తీసుకెళ్లి బీరువా వెనక్కి నెట్టింది. ఆ రెండు గాజులూ ఆమెను మోసం చేశాయి. అవ్వ అన్నదే నిజం, ఎక్కడికి పోయినా ఆ కళ్లు ఆమెతోనే వస్తాయి. పాలలో బలం గురించి చదువుతుంటే గొంతు చెక్కలా పలికేది. ఎప్పుడు ఐదున్నర అవుతుందా, ఎప్పుడు పారిపోదామా అని గడియారం చూసేది. ఆ శనివారంతో మానేస్తానని టోరియోకి మాత్రం చెప్పింది.

శనివారం ఆమె గేటు దగ్గరికి వచ్చేసరికి తల్లుల గుంపులో నీలాంగ్ నిలబడి ఉంది. ఎండకు తలమీద గుడ్డ కప్పుకుని, చేతిలో ఎండుచేపల పొట్లంతో.

పూరింగ్ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఎవరికే? సేలోకా? తాలింగ్‌కా? నేను వాళ్ల పేరెత్తలేదు! ఒట్టు, ఒక్కనాడూ ఎత్తలేదక్కా!"

"ఎత్తలేదనే వచ్చాను" అంది నీలాంగ్.

గోడ నీడన నిలబెట్టి, ఊపిరి తిప్పుకోకుండా అందుకుంది. "ఏమే, ఊళ్లో అందరి పిల్లలూ కనిపిస్తారు నీకు. కపితానా మనవడు కనిపిస్తాడు, ఆ చీమిడిముక్కు వెధవ! నా పిల్లలు కనిపించరా? రోజూ ఊచలు పట్టుకుని వేలాడి, మొహాలు వేలాడేసుకుని ఇంటికొస్తారు. 'మీ పిన్నేమిట్రా, మీ పేరే తెలీదు' అని వీధి పిల్లలు ఏడిపిస్తున్నారు. తాలింగ్ నిన్న అడిగింది, పిన్ని మనల్ని అసహ్యించుకుంటుందా అని. ఏం చెప్పమంటావు?"

"నువ్వే కదక్కా వాళ్లని పక్కింటికి పంపేదానివి!"

"పంపాను. భయమేసింది, పంపాను. తర్వాత ఇంట్లోనే ఉంచుదామనుకున్నాను, అప్పటికి నువ్వు రావడం మానేశావు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరుకున్నాను."

"ఓనింగ్‌ని నేనే..."

"నువ్వో, ఆ ఎండాకాలం జబ్బో, నాకు తెలీదే. ఫాదర్‌కీ తెలీదు, డాక్టరుకీ తెలీదు. వాడు పోయాడు. నీ మీద కోపం ఎందుకొచ్చిందో తెలుసా? వాడిని ముద్దు చేశావని కాదు. పిలిస్తే రాలేకపోయావని. ఇప్పుడా బాధ కూడా లేదుగా? ఆ పెట్టెలోంచి జ్వరం వస్తుందని ఊరంతా అంటున్నారు. జ్వరం వచ్చే దారిన మందు రాదా? నువ్వు పరుగెత్తుకు రానక్కర్లేదు. అక్కడి నుంచే రాయి."

నీలాంగ్ పొట్లం పూరింగ్ చేతిలో పెట్టి, "నాకు జీప్నీ దొరకదు, ఐదుకల్లా కిటికీ దగ్గరుండాలి" అని వెళ్లిపోయింది.

ఐదింటికి దీపాలు వెలిగాయి. పూరింగ్ చేతిలో పాల కాగితం ఉంది. ఒక వాక్యం చదివింది, రెండోది చదివింది, కాగితం కింద పడేసింది. బీరువా వెనక నుంచి చేట లాక్కొచ్చింది. అద్దాల గదిలో ఎస్కలేర్ చేతులు ఊపుతున్నాడు. ఆమె చట్రంలోంచి ముఖం పెట్టింది.

"మలబోన్‌లో..." అంది. "మలబోన్‌లో, కపితానా కిటికీ దగ్గర, ఊచలు పట్టుకుని వేలాడుతున్న కోతులెవరు? ఆ, కనిపించార్రా! సేలో! తాలింగ్! ఎంత ఎదిగిపోయార్రా, ఎంత ముద్దొస్తున్నార్రా! మీ పిన్నినే!"

ఆ తర్వాత ఆమె చేసింది అంతకుముందు ఏ టెలివిజన్లోనూ ఎవరూ చేయలేదని టోరియో చచ్చేదాకా చెప్పేవాడు. బొటనవేలు నోట్లో పెట్టి తడుపుకుని, పువేరా ఊసోగ్ అంటూ నడిచి వచ్చి, కెమెరా కన్ను మీద గుండ్రంగా రాసింది.

"ఓయమ్మో, నా గాజు!" అని టోరియో వేసిన కేక కూడా ఊరంతటికీ వినబడింది. "అమ్మలూ, పొట్టలు తెరవండి! అద్దానికి ఆనించండి! టోండో, పసాయ్, సంపాలోక్, అందరికీ ఇదే!" అంటోంది పూరింగ్, మసకబారిన బొమ్మలోంచి. మిగతా కార్యక్రమమంతా ఆమె పొగమంచులో మనిషిలాగే కనిపించింది. 

ఎస్కలేర్ కిందికి దిగి వచ్చి, "నీ ఉద్యోగం పోయింది, నాదీ పోయింది" అని అరుస్తుండగానే పాల కంపెనీ మనిషి ఫోను చేశాడు. ఆయన భార్యే ఇంట్లో చంటిదాని చొక్కా ఎత్తి పొట్టను అద్దానికి ఆనించిందట, పనివాళ్లు కూడా పిల్లల్ని పట్టుకొచ్చి వరసలో నిలబడ్డారట. ఇది రోజూ ఉండాలని ఆయన కోరిక. మర్నాటి నుంచి ఎస్కలేర్ అది తన ఆలోచనేనని చెప్పుకున్నాడు. టోరియో మాత్రం కెమెరా ముందు వేరే గాజుముక్క ఒకటి బిగించుకున్నాడు.

ఆ బొటనవేలితో పూరింగ్ చాలా ఏళ్లు నడిపింది. తర్వాత కార్టూన్లు వచ్చి ఆమె సమయాన్ని కొరుక్కుతిన్నాయి. ఆ తర్వాత ఒక సెప్టెంబరు ఉదయాన సైనిక పాలన వచ్చి స్టేషన్లన్నీ మూతపడ్డాయి. మళ్లీ తెరిచినప్పుడు ఆమెను ఎవరూ పిలవలేదు. మలబోన్ వచ్చి అమ్మలాగే పాన్సిత్ అమ్ముకుంది. ఆమె వీధిలోకి వస్తే ఎవరూ ఉయ్యాలల మీద దుప్పట్లు కప్పలేదు. ఎదురొచ్చి, బిడ్డ చొక్కా ఎత్తి, "ఆతె పూరింగ్, ముందుగానే రాసెయ్యి, ఓ పనైపోతుంది" అనేవాళ్లు.

కానీ అదంతా తర్వాతి సంగతి. ఆ శనివారం తెల్లారి, ఆదివారం పూజ అయ్యాక, పూరింగ్ మలబోన్‌లో జీప్నీ దిగింది. పిల్లలిద్దరూ పక్కింట్లో లేరు, గడప మీదే ఉన్నారు. తాలింగ్ పెద్దలకు మొక్కే తీరున ఆమె చేతిని నుదుటికి ఆనించుకుని, సిగ్గుతో లోపలికి పారిపోయింది. సేలో మాత్రం నిన్నటి కథ చెబుతూనే ఉన్నాడు. కిటికీ కాదు, కపితానా ఇల్లంతా పిల్లల పొట్టలేనట. అద్దం నిండా పొట్టల మరకలేనట, కపితానా తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టిందట.

నీలాంగ్ పాన్సిత్ వడ్డిస్తోంది. తల ఎత్తకుండానే అంది, "నేను కూడా లోపలికి వెళ్లాను. వీళ్లిద్దర్నీ ఆనించాను. చొక్కా కూడా పట్టుకెళ్లాను."

"ఎవరి చొక్కా?"

"ఓనింగ్ చొక్కా. బాప్తిస్మం నాటిది." పళ్లెం అంచు గుడ్డతో తుడిచింది. "నువ్వు వేలు పెట్టినప్పుడు అద్దానికి ఆనించాను. ఆలస్యమైతే అయిందిలే, నీ వేలు తగిలింది."

పూరింగ్ ఏడ్చింది. పిల్లల ముందే, రేడియోలో ఏడ్చినట్టు కాకుండా, ముక్కు చీదుకుంటూ వికారంగా ఏడ్చింది. నీలాంగ్ ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టింది. పూరింగ్ లేవలేదు. పళ్లెం ఖాళీ చేసి, ఇంకొంచెం వెయ్యమంది.